పొగమంచులో లైటు ఎక్కడుండాలి?

– ఒక పూర్వ విద్యార్థి, ఆటో ఎలక్ట్రీషియన్, గోదావరిఖని

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగినప్పుడు కథలూ కవితలూ నాకు రావని చెప్పాను. "నీ షాపులో చేసే పని గురించే రాయి, పిల్లలకు పనికొస్తుంది" అన్నారు. మన హాస్టల్లో ఉండి పదో తరగతి పాసయ్యాక ఐటీఐ చేసి, గోదావరిఖనిలో ఒక మేస్త్రీ దగ్గర కార్ల కరెంటు పని నేర్చుకున్నాను. అప్పటినుంచీ అదే బతుకుతెరువు. మనవాళ్ళలో టీచర్లయినవాళ్ళు, సింగరేణిలో చేరినవాళ్ళు ఉన్నట్టే స్టీరింగ్ పట్టుకుని ఇల్లు నడిపేవాళ్ళూ చాలామంది ఉన్నారు. డిసెంబరు రాగానే వాళ్ళు షాపుకొచ్చి అనే మాట ఒక్కటే: "అన్నా, మంచుల ఏం కనబడ్తలేదు. మంచి పవరున్న ఫాగ్ లైట్లు బిగించు." ఆ మాటలోనే ఒక పొరపాటు ఉంది. అదేమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రామగుండం అనగానే బయటివాళ్ళకు ఎండలే గుర్తొస్తాయి. ఇక్కడ ఫాగ్ లైట్లేమిటని నవ్వినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు జనవరిలో తెల్లవారుజామున ఐదింటికి గోదావరి వంతెన మీదుగా మంచిర్యాల వైపు ఒక్కసారి వెళ్ళి చూడాలి. ఆకాశం తేటగా ఉన్న చలికాలపు రాత్రి నేల తన వేడిని తొందరగా వదిలేస్తుంది. దాన్ని ఆనుకున్న గాలి చల్లబడుతుంది. పక్కనే నది ఉంది కాబట్టి గాలిలో తేమకు లోటు లేదు. ఆ తేమ చిన్న చిన్న బొట్లుగా మారడానికి దుమ్ము, పొగ రేణువులు కేంద్రకాలుగా పనికొస్తాయి. బొగ్గు బావులు, పవర్ హౌస్, రాత్రింబవళ్ళు తిరిగే లారీలు ఉన్న మన దగ్గర రేణువులకు కొదవేముంది? వాతావరణ శాఖ లెక్కలో చూపు 200 మీటర్ల లోపుకు తగ్గితే దట్టమైన పొగమంచు, 50 మీటర్ల లోపుకు పడిపోతే అతి దట్టమైనది. రాజీవ్ రహదారి మీద రెండు రకాలూ చూశాను.

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం. హాస్టల్లోనే చేయొచ్చు. మంచు బాగా పట్టిన పొద్దున చీకటి ఉండగానే గ్రౌండులోకి రండి. టార్చి లైటును చెవి పక్కన, కంటికి దగ్గరగా పట్టుకుని ముందుకు వేయండి. ముందు తెల్లటి తెర కట్టినట్టు ఉంటుంది. తర్వాత అదే టార్చిని మోకాలి ఎత్తుకు దించి, కొద్దిగా నేల వైపు వంచి వేయండి. తెర పలచబడుతుంది, నాలుగడుగుల అవతల రాయి కనబడుతుంది. టార్చి అదే, సెల్లులు అవే, మంచు కూడా అదే. మారింది లైటున్న చోటొక్కటే.

నేను దీన్ని పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. మా నాన్న బాయిలో బదిలీ ఫిల్లర్. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక సాయంత్రం వాడంతా బొగ్గు పొయ్యిల పొగ కమ్మింది, కరెంటు కూడా పోయింది. నేను టార్చిని మొహం దగ్గర పట్టుకుని దారి వెతుకుతుంటే నాన్న అన్నాడు: "కండ్ల కాడ పట్టకురా, మోకాళ్ళ కాడ పట్టు. బాయిల దుమ్ము లేస్తే మేం గట్లనే చేస్తం." దుమ్ము లేచినప్పుడు నెత్తి మీది లైటు కళ్ళకే అడ్డమవుతుందట. టోపీ నుంచి తీసి చేత్తో కిందికి పట్టుకుంటారట.

దీని వెనుక ఉన్నది మీ సైన్సు పుస్తకంలోని కాంతి పరిక్షేపణమే. మంచు బొట్టు మీద పడిన కాంతిలో కొంత వెనక్కి తిరిగి వస్తుంది. లైటు మన కంటికి దగ్గరగా ఉంటే, మన చూపు ఏ దారిన పోతుందో కాంతి కూడా అదే దారిన పోతుంది. దారి పొడవునా వెలిగిన బొట్లన్నీ చూపుకు అడ్డంగా నిలబడతాయి. లైటు కిందికి ఉండి, దాని వెలుతురు పైకి లేవకుండా నేల మీదుగా పోతే, మన చూపు దానికి పైనుంచి వెలగని మంచులోనుంచి వెళ్ళి రోడ్డు దగ్గర మాత్రమే వెలుతురును కలుస్తుంది. కింద మంచు ఉండదు కాబట్టి లైటు కింద పెడతారని కొందరు చెబుతారు. అది నిజం కాదు. మన దగ్గర పట్టే మంచు చాలాసార్లు నేల దగ్గరే చిక్కగా ఉంటుంది. లైటు కింద ఉండాల్సింది చూపు దారీ వెలుతురు దారీ వేరు కావడం కోసం.

మరి పవరు పెంచితే? 55 వాట్ల బల్బు తీసి 100 వాట్లది పెట్టామనుకుందాం. రోడ్డు మీద పడే వెలుతురు పెరుగుతుంది, తెల్ల తెర కూడా అంతే నిష్పత్తిలో పెరుగుతుంది. రెండింటి మధ్య తేడా ఉన్నచోటే ఉంటుంది. కళ్ళు మాత్రం ఇంకా ఎక్కువగా మిరుమిట్లు గొలుపుతాయి. మంచులో హై బీమ్ వేస్తే ఏమీ కనబడకపోవడానికి కారణం ఇదే.

ఇదంతా తెలిసి కూడా నేను ఒక తప్పు పని చేశాను. దాన్ని దాచిపెట్టి మీకు పాఠం చెప్పడం న్యాయం కాదు. 2009 చలికాలంలో నేనింకా మేస్త్రీ దగ్గరే ఉన్నాను. హాస్టల్లో నాకంటే రెండేళ్ళు పెద్దవాడైన అన్న ఒకడు అప్పు చేసి పాత సుమో కొన్నాడు. ముందు ఇనుప గార్డు వేయించి, బానెట్ ఎత్తున నాలుగు పెద్ద లైట్లు బిగించమన్నాడు. "అన్నా, మంచులో ఇవి కళ్ళకు కొడతాయి, కింద పెడదాం" అన్నాను. "నీకు తెల్వది తమ్మీ, ఎంత పైన పెడితె అంత దూరం కొడ్తది" అన్నాడు. హాస్టల్లో నాకు లెక్కలు చెప్పిన అన్న. ఎదురు చెప్పలేక బిగించేశాను. చూడ్డానికి బాగానే ఉంది, ఫోటో కూడా దిగాం.

నెల తిరగకుండానే ఒక తెల్లవారుజామున కరీంనగర్ కిరాయికి పోతూ సుల్తానాబాద్ దాటాక, రోడ్డు పక్కన వెనక లైటు లేకుండా ఆగి ఉన్న లారీని గుద్దాడు. బండిలో అప్పటికి ఇంకెవరూ లేరు. కుడి కాలు మోకాలి కింద విరిగింది. ఆరు నెలలు మంచంలో ఉన్నాడు, కిస్తీలు కట్టలేక బండి పోయింది. ఆస్పత్రిలో చూడ్డానికి పోతే అన్నాడు: "తమ్మీ, నాలుగు లైట్లేసిన. తెల్లగ గోడ లెక్క ఉండె. గోడల్నించి లారీ అచ్చింది." తప్పు లారీవాడిది కూడా, కాదనను. కానీ ఆ గోడ కట్టింది నా చేతులు. ఆ రోజు నుంచి ఎవరడిగినా బానెట్ ఎత్తున ఫాగ్ లైటు బిగించను. గిరాకీ పోయినా సరే.

ఇక ఎలాంటివి కొనాలో చూద్దాం. షాపుల్లో అన్నిటినీ కలిపి ఫాగ్ లైట్లు అనే అమ్ముతారు గానీ వాటిలో రెండు జాతులున్నాయి. అసలు ఫాగ్ లైటు వెలుతురు వెడల్పుగా, పొట్టిగా, పై అంచు కత్తితో కోసినట్టు సూటిగా ఉంటుంది. రోడ్డు రెండు అంచులనూ దగ్గర్లో చూపిస్తుంది. రెండోది డ్రైవింగ్ లైటు లేదా స్పాట్ లైటు. సన్నగా, దూరంగా కొడుతుంది. గాలి తేటగా ఉన్నప్పుడు, ఎదురుగా ఎవరూ లేనప్పుడు హై బీమ్‌కు తోడు అది. మంచులో దానివల్ల కీడే. పైగా 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 111వ నియమం ప్రకారం రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి లేకుండా బండి ముందు స్పాట్ లైటు, సెర్చ్ లైటు పెట్టకూడదు. బానెట్ మీదా, టాపు మీదా బిగించే పొడుగాటి ఎల్ఈడీ పట్టీలు కూడా మన రోడ్ల మీద ఎదుటివాడి కళ్ళు పోగొట్టేవే. అవి నా షాపులో దొరకవు.

కొనేటప్పుడు లెన్సు మీద అచ్చయిన గుర్తులు చూడండి. వృత్తంలో 'ఈ' అనే ఇంగ్లీషు అక్షరం, పక్కన అంకె ఉంటే అది ఐక్యరాజ్యసమితి వాహన నియమాల కింద పరీక్ష నెగ్గినదని గుర్తు. దాని దగ్గరే 'బి' అని గానీ 'ఎఫ్3' అని గానీ ఉంటే అది ముందు ఫాగ్ లైటు. ఎఫ్3 కొత్త తరగతి, బి పాతది. దొంగ గుర్తులు కొట్టినవీ వస్తాయి కాబట్టి బిగించే ముందు గోడ మీద వేసి చూడాలి. పై అంచు సూటిగా కనబడకపోతే వెనక్కి ఇచ్చేయండి.

హాలోజన్ లైటు డబ్బాలో ఎల్ఈడీ బల్బు దూర్చడం ఈమధ్య బాగా పెరిగింది. డబ్బాలోని అద్దాన్ని సన్నటి ఫిలమెంటు ఒక నిర్ణీత బిందువు దగ్గర ఉంటుందన్న లెక్కతో తయారు చేస్తారు. ఎల్ఈడీ బల్బులో వెలుతురు వచ్చేది రెండు పక్కలా అతికించిన ముక్కల నుంచి. లెక్క తప్పి అంచు చెదిరిపోతుంది, వెలుతురు పైకి లేస్తుంది. ఎల్ఈడీ కావాలంటే మొదటినుంచీ ఎల్ఈడీ కోసమే చేసిన పూర్తి లైటు కొనండి. అది మంచిదే, కరెంటు కూడా తక్కువ తాగుతుంది.

రంగు దగ్గర మనవాళ్ళు చాలా వాదిస్తారు. "ఎరుపు తక్కువ పరిక్షేపణం చెందుతుంది, నీలం ఎక్కువ చెందుతుంది, అందుకే పసుపు లైటు మంచును చీల్చుకుని పోతుంది" అని పదో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. ఆకాశం విషయంలో ఆ మాట సరైనదే. అక్కడ పరిక్షేపణం చేసేవి గాలి అణువులు, కాంతి తరంగదైర్ఘ్యం కంటే ఎంతో చిన్నవి. మంచు బొట్టు అలా కాదు. సాధారణంగా 10, 20 మైక్రాన్ల వ్యాసం ఉంటుంది. కంటికి కనబడే కాంతి తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రాన్లే. అంత పెద్ద బొట్టుకు ఎరుపైనా నీలమైనా దాదాపు ఒక్కటే, అన్నిటినీ ఒకే తీరుగా చెదరగొడుతుంది. అందుకేగా మంచు తెల్లగా కనిపించేది! నీలిరంగులో వచ్చి ఉంటే ఆ వాదన ఒప్పుకునేవాణ్ణి. పసుపుకు ఉన్న మేలు వేరు. నీలం పాలు ఎక్కువున్న వెలుతురు కళ్ళను ఎక్కువ బాధిస్తుంది, పసుపు కొంచెం హాయిగా ఉంటుంది. ఫ్రాన్సులో 1930ల చివరి నుంచి 1993 ఆరంభం దాకా కార్ల హెడ్‌లైట్లు పసుపువే ఉండాలన్న నిబంధన ఉండేది, తర్వాత వదిలేశారు. కాబట్టి పసుపు ఇష్టమైతే పెట్టుకోండి, మామూలు హాలోజన్ తెలుపైనా ఫర్వాలేదు. నీలి ఛాయ కొట్టే 6000 కెల్విన్, 8000 కెల్విన్ బల్బుల జోలికి మాత్రం పోకండి.

ఎత్తు సంగతి. ఐక్యరాజ్యసమితి 48వ నియమం ప్రకారం కార్లకు ముందు ఫాగ్ లైటు నేల నుంచి 25 సెంటీమీటర్ల కంటే కిందికి, 80 సెంటీమీటర్ల కంటే పైకి ఉండకూడదు. బండి పక్క అంచు నుంచి 40 సెంటీమీటర్ల లోపలే ఉండాలి. మన రోడ్లకు 45, 50 సెంటీమీటర్లు సరిగ్గా ఉంటుంది. మరీ కిందికి పెడితే బొగ్గు లారీలు వదిలిపోయిన గుంతలు దాన్ని ఉండనివ్వవు.

దిశ సరిచేయడానికి మన హాస్టల్ ప్రహరీ గోడ చాలు. నేల చదునుగా ఉండాలి, టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, డ్రైవరు సీట్లో ఒక మనిషి కూర్చోవాలి. గోడకు, లైటుకు మధ్య 5 మీటర్ల దూరం పెట్టండి. లైటు మధ్యభాగం నేల నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుంటే గోడ మీద అదే ఎత్తున సుద్దతో ఒక అడ్డగీత గీయండి. దానికి ఏడున్నర సెంటీమీటర్ల కింద రెండో గీత. వెలుతురు పై అంచు ఆ రెండో గీత మీద కూర్చోవాలి. అంటే వంద భాగాలకు ఒకటిన్నర భాగం కిందికి వంచినట్టు. ఈ లెక్కన వెలుతురు 33 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది. అంతకంటే దూరం చూడాలని అంచును పైకి లేపితే మళ్ళీ తెల్ల గోడే.

సరిచేసిన బండిలో వెనక నలుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను వేస్తే ఏమవుతుంది? మేడారం జాతరకు మనవాళ్ళు మంథని, కాటారం మీదుగా పోయే బండ్లు గుర్తు చేసుకోండి. కారు వెనకభాగం 5 సెంటీమీటర్లు దిగిందనుకుందాం. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం రెండున్నర మీటర్లు. 250కి 5 అంటే వందకు రెండు. మనం వంచింది ఒకటిన్నరే. అంటే లైటు ఆకాశం వైపు తిరిగింది! కొన్ని కార్లలో హెడ్‌లైటు వంపు మార్చే చిన్న చక్రం స్టీరింగ్ దగ్గర ఉంటుంది, కానీ బయట కొని బిగించిన ఫాగ్ లైటు దాని మాట వినదు. జాతరకు పోయే బండికి బరువెక్కించాకే గోడ ముందు నిలబెట్టాలి.

ఇప్పుడు వైరింగ్. ఓమ్ నియమం పరీక్షకే పనికొస్తుందనుకునేవాళ్ళు ఈ లెక్క చేసి చూడండి. 55 వాట్ల బల్బులు రెండు అంటే 110 వాట్లు. 12 వోల్టులతో భాగిస్తే సుమారు 9.2 ఆంపియర్లు. అర చదరపు మిల్లీమీటరు మందం ఉన్న సన్నటి రాగి వైరుకు మీటరుకు 0.034 ఓమ్‌ల నిరోధం. బ్యాటరీ నుంచి లోపలి స్విచ్చి దాకా, అక్కణ్ణుంచి మళ్ళీ ముందు లైట్ల దాకా 6 మీటర్లు లాగితే 0.2 ఓమ్‌లు. 9.2తో గుణిస్తే దాదాపు 1.9 వోల్టులు దారిలోనే పోయాయి. హాలోజన్ బల్బు వెలుతురు వోల్టేజి తగ్గినంతే తగ్గదు, ఇంకా చాలా ఎక్కువ తగ్గుతుంది. ఈ లెక్కన 40 శాతం దాకా వెలుతురు వైరు మింగేస్తుంది. మింగింది ఊరుకోదు, వేడవుతుంది. మన మే నెల ఎండలో ఇంజను పక్కన ఆ వైరు తొడుగు మెత్తబడితే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

అందుకే రిలే వాడతాం. దానికి నాలుగు కాళ్ళు, వాటి మీద అంకెలుంటాయి. 30కి బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరు, 87 నుంచి లైట్లకు, 86కి స్విచ్చి వైరు, 85కి ఎర్తు. ఇప్పుడు స్విచ్చి గుండా పోయేది రిలే చుట్టను లాగే కొద్దిపాటి కరెంటే. పెద్ద కరెంటు బానెట్ కిందనే 2 మీటర్లలో పని ముగిస్తుంది. అక్కడ రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే పోయేది 0.13 వోల్టే. ఫ్యూజు 15 ఆంపియర్లది, బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజు లైటు దగ్గర పెట్టేవాళ్ళున్నారు. మధ్యలో వైరు గీసుకుని బాడీకి తగిలితే ఆ ఫ్యూజు చూస్తూ కూర్చుంటుంది. స్విచ్చికి సరఫరా పార్కింగ్ లైటు లైను నుంచి తీసుకోండి, మరిచిపోయి వదిలేసినా అన్నిటితో పాటు ఆరిపోతుంది. కంపెనీ వైరు కోసి అతుకు వేయొద్దు. వారంటీ పోతుంది, మిగతా లైట్లకూ చేటు.

మన ప్రాంతానికే ఉన్న బెడద ఇంకొకటి, లెన్సు మీద పేరుకునే బొగ్గు దుమ్ము, బూడిద. పొడిగుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్ లెన్సు మీద గీతలు పడతాయి. గీతలు పడ్డ లెన్సు తనే ఒక మంచు ముక్క, వెలుతురును అన్ని వైపులా చెదరగొడుతుంది. ముందు నీళ్ళు పోయండి, తర్వాత తడిగుడ్డ.

అన్నీ సరిగ్గా బిగించాక వేగం లెక్క. గంటకు 40 కిలోమీటర్లు అంటే సెకనుకు 11 మీటర్లు. అడ్డం చూసి బ్రేకు మీద కాలు పడేసరికి సెకనున్నర అనుకుంటే 16, 17 మీటర్లు పోయాయి. తడి రోడ్డు మీద బండి ఆగడానికి ఇంకో 15 మీటర్లు. మొత్తం 32. మన వెలుతురు నేలను తాకేది 33 దగ్గర. గంటకు 60 మీద ఇదే లెక్క చేస్తే 60 మీటర్లు వస్తుంది. ఫాగ్ లైటు ఉందని 60 మీద పోయేవాడు కనబడని 27 మీటర్లను దేవుడికి వదిలేసినట్టే. మంచు మరీ చిక్కగా ఉంటే 40 కూడా ఎక్కువే. అన్న ఆ రోజు ఎంత వేగంలో ఉన్నాడో నేనెప్పుడూ అడగలేదు.

వెనక ఫాగ్ లైటు గురించి రెండు మాటలు. అది ఎర్రటిది, మామూలుగా 21 వాట్ల బల్బు, అంటే బ్రేకు లైటంత వెలుగు. 5 వాట్ల టెయిల్ లైటు మంచులో కలిసిపోయినప్పుడు వెనక వచ్చే లారీవాడికి మనం కనబడేది దీనివల్లే. మంచు తేలిపోగానే ఆర్పేయాలి. లేకపోతే వెనకవాడి కళ్ళలో కొడుతుంది, మనం బ్రేకు వేసిన సంగతి కూడా వాడికి తెలియదు. ముందు ఫాగ్ లైట్లకూ ఇదే వర్తిస్తుంది, ఊళ్ళో షోకుకు వేసుకు తిరగొద్దు. లారీలు, ట్రాలీ ఆటోలు నడిపే మనవాళ్ళు వెనక ఎర్ర రేడియం పట్టీ అతికించుకోండి. బండి చెడి ఆగినా, బ్యాటరీ చచ్చినా అది వెలుగుతుంది.

అన్న ఇప్పుడు కిరాయి కారు నడుపుతున్నాడు, ఓనరుది. కంపెనీ బిగించి ఇచ్చిన ఫాగ్ లైట్లే, బంపర్ కింద ఉన్నాయి. ప్రతి డిసెంబరులో నా షాపుకొచ్చి గోడ ముందు నిలబెట్టి గీత చూసుకుంటాడు. సంక్రాంతి సెలవులకు ముందు ఆదివారం పొద్దున ఆ కారుతోనే ఇద్దరం హాస్టల్‌కు వస్తాం. చూడాలనుకున్నవాళ్ళు ఒక టార్చి, కొలత టేపు, రెండు సుద్దముక్కలు తెచ్చుకుని ప్రహరీ గోడ దగ్గర ఉండండి. ఐదున్నరకల్లా రావాలి, తెల్లవారితే గీత కనబడదు.